కాలవకు మూత

చిత్తూరు దారిలో ఉన్న ఆ చిన్న ఊళ్లో జయరావు ఆటో నడుపుతాడు. పొద్దున్నే స్టాండుకు పోయే ముందు సున్నపుబట్టీ వీధిలో దిగి, మూతలేని మురుగుకాలవను ఫోటో తీసి, మూత వెయ్యమని రాసి, ఫేస్‌బుక్‌లో ఊరి గ్రూపులో పెట్టేవాడు. నిరుడు వానల్లో అతని ఏడేళ్ల కూతురు నిస్సీ ఆ కాలవలోనే పడి చనిపోయింది.

జనం నోటికి హద్దూ పద్దూ ఉంటుందా? "అన్నకు కౌన్సిలర్ సీటు కావల్లంట" అని ఒకడు, "లైకుల పిచ్చి" అని ఇంకొకడు రాసేవాళ్లు. ఛీ, బిడ్డను పోగొట్టుకున్నవాణ్ణి పట్టుకుని అనే మాటలా అవి! అతని భార్య నాగులమ్మకైతే ఆ ఫోటోలంటేనే ఒళ్లు మండేది.

"మూతేస్తే నా బిడ్డ లేసొస్తాదా? ఆ ఫోను తీసకపోయి పొయ్యిలో పెట్టు" అనేది. పాప పేరు ఇంట్లో ఎత్తనిచ్చేది కాదు. ఎవరైనా ఎత్తితే ఆ పూటంతా ఆమెకు అన్నం దిగేది కాదు. అందుకని జయరావు కూడా నోరు కట్టేసుకున్నాడు.

చివరికి మున్సిపల్ ఆఫీసువాళ్లు దిగొచ్చి కాలవ మీద సిమెంటు బండలు పరిచారు. వీధివాళ్లు జయరావు మెడలో పూలదండ వేశారు. గెలిచాడు కదా, ఈ పూటైనా కడుపునిండా తింటాడనుకుంది నాగులమ్మ. అతను కంచం ముందు కూర్చుని ఫోను చూస్తూ, ఉన్నట్టుండి బావురుమన్నాడు.

"ఏమాయె నీకు? అనుకునింది అయిపాయె కదా!"

"నా ఫోటోలన్నీ తీసేసినారు మే. పని అయిపోతే పోస్టులు తీసేస్తారంట, ఆ గ్రూపులో అదే పద్ధతంట. నాకు తెలీకపాయె."

"తీసేస్తే పోనీలే. ఇంకేం పని వాటితో?"

"వాటి కింద దినామూ ఎవురో ఒకరు కొత్తోళ్లు అడుగుతా ఉండ్రి, పాప పేరేందన్నా అని. నేను రాస్తా ఉంటి. యాడో తిరుపతిలో ఉండే ఒకామె, మీ నిస్సీని తల్సుకున్నానన్నా అని రాసె. ఈడ ఇంట్లో నువ్వు అననియ్యవు. మూత కోసరమే ఇదంతా అని నేను గూడా అనుకుంటి. బండలు పడినాక తెలిసొచ్చె. ఇంక నా బిడ్డ పేరు నన్ను ఎవురు అడగతారు?"

తన ఏడుపులో తానుండి, మొగుడికి ఏడ్చుకునే చోటే లేకుండా చేశానని నాగులమ్మకు అప్పుడు తెలిసింది. అతని పక్కన చతికిలబడింది.

"నేనడగతా," అంది. "చెప్పయ్యా. మన పాప పేరేంది?"

జయరావు నోరు తెరిచాడు. మాట రాలేదు. రాసి రాసి చెయ్యి అలవాటుపడింది గాని, ఆ పేరు అతని నోట పలికి ఏడాదవుతోంది.

నాగులమ్మ లేచి వాకిట్లోకి పోయింది. ఆడుకునే బిడ్డను అన్నానికి పిలిచే గొంతుతోనే, వీధంతా వినపడేలా, "నిస్సీ!" అని పిలిచింది.