మంచానికి దారి

మా ఆయన కన్నారావు చేతికి కొత్త వస్తువు వస్తే ముందు ఉపన్యాసం మొదలవుతుంది. డైరీ ఫార్మ్ బజారులో అద్దెకు తీసుకున్న కరెంటు రంపాన్ని మిన్నీ బేలోని మా ఇంట్లో చాప మీద పెట్టి, నన్నూ మా అత్త అసిరమ్మనూ ఎదురుగా కూర్చోబెట్టాడు. బ్లేడు ముందుకీ వెనక్కీ ఆడే మిషను అది.

కోత పడబోయేది అత్త మంచానికే. చేపల వేటకని ఈ దీవికి వచ్చిన కొత్తలో మామ పడాక్ అనే గట్టి ఎర్రచెక్కతో గదిలోనే దాన్ని చేశాడు. తలుపులోంచి బయటికి పట్టదు. మద్రాసు ఓడలో కొత్త మంచం దిగింది కనుక పాతదాన్ని రెండు ముక్కలు చెయ్యాలని మా ఆయన తీర్మానం. మామ కన్నుమూసింది దానిమీదే. అత్తకి నిద్ర పట్టేదీ దానిమీదే.

"మంచం కొయ్యకురా" అంది అత్త.

"రుకో అమ్మా, ముందు బ్లేడు చూడు" అన్నాడాయన.

చెక్కకి పెద్ద పళ్ల బ్లేడు పెట్టి వేగంగా కొయ్యాలట. రేకుకి సన్న పళ్లు పెట్టి నెమ్మదిగా పోవాలట. ప్లగ్గు పీకకుండా బ్లేడు మార్చకూడదట. అత్త నోరు తెరిచినప్పుడల్లా వేలెత్తి ఆపి ఇంకో జాగ్రత్త చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఫెర్రీ డ్యూటీకి పిలుపొచ్చింది. తాను వచ్చేదాకా మిషను ముట్టుకోవద్దని చెప్పి వెళ్లాడు. ఆయన మలుపు తిరగగానే అత్త కొంగు నడుముకి బిగించింది.

"కాళమ్మా, ఈ కిటికీ కింద గోడ ఏటితో కట్టినారే?"

పైన చెక్క, కింద రేకు అన్నాను.

"అయితే రెండు బ్లేళ్లూ కావాల" అంది.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. వెలిగాక ఆగలేదు. గోడలో వైరేమైనా ఉందేమో చూసుకుని, ఇద్దరం మిషనుతో ఇచ్చిన కళ్లద్దాలు పెట్టుకున్నాం. మిషను మూతికున్న ఇనపరేకును గోడకి గట్టిగా ఆనించి, రెండు చేతులతో పట్టుకుని కిటికీ రెండు అంచుల కిందా చెక్క నేనే కోశాను. ప్లగ్గు పీకి బ్లేడు మార్చాం. రేకు అదరకుండా వెనక పలక కట్టాం. అక్కడ మిషను అత్త పుచ్చుకుంది. తొందరపడకుండా, నేలదాకా తిన్నగా దించింది. ఆవిడ మొహంలో అంత సంబరం నేనెన్నడూ చూడలేదు. పక్కింటి నూకన్న, ఆయన తమ్ముళ్లు వచ్చి మంచాన్ని అడ్డంగా తిప్పి బయటికి లాగారు.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి గదికి కిటికీ లేదు, గోడలో సముద్రమంత దారి ఉంది. వరండాలో చెక్కు చెదరని మంచం మీద అత్త కాళ్లు చాపుకుని వక్క నములుతోంది. ఆయన ముందు మిషనును తిప్పి తిప్పి చూశాడు. ప్లగ్గు పీకారా అని అడిగాడు. పీకామన్నాను. కోత అంచున వేలు పెట్టి చూశాడు. వంక దొరకలేదు. ఇక గోడ గురించి అరవడం ఒక్కటే మిగిలింది.

"గోడెందుకు కోసినావమ్మా? మంచం కావాలని ఒక్క మాట చెప్తే నేనాగిపోనా?"

"సెప్పినాను నాయనా" అంది అత్త. "నువ్వప్పుడు బ్లేడు గురించి సెప్తన్నావు."

మా ఆయన మిషనును కింద పెట్టాడు. మంచం చివర, అత్త కాళ్ల దగ్గర కూర్చున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మాట్లాడకుండా కూర్చోవడం అదే మొదటిసారి. జాలేసింది. నవ్వూ వచ్చింది.