వెనకబడ్డ పాట

మా తమ్ముడికి దిగులేస్తే ఏడవడు, తిండి మానడు. స్క్రూడ్రైవర్ పట్టుకుంటాడు. ఆ పండగ సెలవులకి నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ముందు గది నిండా లైట్ల దండలు, ప్లగ్గులు, టేపు ముక్కలు. సోఫాలో కూర్చోవాలంటే ముందు వైర్లు లేపాలి. పాటకి తగ్గట్టు ఇల్లంతా లైట్లు వెలిగి ఆరాలట, దారిన పోయేవాళ్ళు ఆగి చూడాలట. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకున్నాను.

మరదలు బుడ్డోణ్ణి చంకనేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూడగానే కళ్ళు తుడుచుకుంది. అసలు సంగతి లైట్లు కాదని నాకప్పుడే తెలిసింది.

బుడ్డోడికి తొమ్మిదో నెల. ఎదురుగా కనిపిస్తే నవ్వుతాడు, ఎత్తుకుంటే ముక్కు పీకుతాడు. వెనక నుంచి పిలిస్తే మాత్రం ఒకసారి తిరుగుతాడు, నాలుగుసార్లు తిరగడు. ఆ తిరిగిన ఒక్కసారీ వినబడి తిరిగాడో, నీడ కదిలితే తిరిగాడో ఎవరికి తెలుసు? ఆస్పత్రికి తీసుకెళితే చెవి దగ్గరికి ఏదీ రానివ్వకుండా గుక్కపట్టి ఏడ్చాడట. సెలవులయ్యాక మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఈలోగా ఇంట్లోనే పరీక్షలు మొదలయ్యాయి. గిన్నెల మూతలు పడేశారు, తాళాలు ఆడించారు. నేనూ వచ్చీరాగానే వాడి వెనక చేరి చప్పట్లు కొట్టాను. వాడు తాపీగా బొటనవేలు చీక్కుంటూ కూర్చున్నాడు.

"వీడికి వినపడదేమో వదినా," అంది మరదలు.

"నీ నోటమ్మట మంచి మాటే రాదా?" అని కసిరాను. కసిరానే గానీ, నా గుండెల్లోనూ రాయి పడింది.

తమ్ముడు ఇదేమీ పట్టనట్టు లాప్‌టాప్‌లోకి తల దూర్చేశాడు. చెవులకి హెడ్‌ఫోన్లు కూడా లేవు, కాబట్టి అన్నీ వింటూనే ఉన్నాడు. "ఒరేయ్, అది కుమిలిపోతోందిరా. లేచి వచ్చి కాసేపు దగ్గర కూర్చో," అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్ళీ చెప్పాను. ఊహూఁ. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో!" అనేశాను.

నాలుక కరుచుకుని ఏం లాభం? తమ్ముడు తలెత్తి చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. "దీన్నైనా సరిగ్గా చేయనీ అక్కా. ఇదొక్కటే నా చేతుల్లో ఉంది," అన్నాడు.

మర్నాడు పొద్దుగూకగానే ఇంటి ముందు కుర్చీలు వేశాడు. లైట్లన్నీ మా ఎదురుగా: కిటికీల చుట్టూ, మెట్ల కమ్మీకి, వసారా చూరు పొడుగునా. స్పీకరు మాత్రం మా వెనక, గేటు స్తంభం మీద. వీధిలోవాళ్ళకి వినపడాలి కదా. పాటంటే మాటల్లేని సంగీతం. చిన్న చిన్న గంటలు, మధ్యమధ్య నిశ్శబ్దం. పక్కింటివాళ్ళు తిట్టకుండా సన్నగా పెట్టాడు. మరదలు బుడ్డోణ్ణి ఇంటివైపు తిప్పి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "లైట్లయినా చూస్తాడు," అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తమ్ముడు మెట్ల మీద కూర్చుని మీట నొక్కాడు. ఇల్లంతా భగ్గున వెలిగి ఆరిపోయింది. తర్వాత, తీరిగ్గా, మా వెనక నుంచి "టింగ్" మంది.

"ఛ!" అన్నాడు తమ్ముడు. మళ్ళీ వెలిగింది, ఆరింది, ఆ తర్వాతే టింగ్. మెరుపు ముందు, ఉరుము వెనక. లోపల హెడ్‌ఫోన్లతో చూసుకున్నప్పుడు అంతా సరిగ్గానే ఉందట. ఈ వైర్లెస్ స్పీకరు దాకా పాట చేరేసరికే ఆలస్యమవుతోందట. స్పీకరుని తిట్టాడు, అమ్మినవాణ్ణి తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడు అందామని నోటిదాకా వచ్చి మింగేశాను. నిన్నటి సామెతే ఇంకా అరగలేదు.

అప్పుడు చూశాను బుడ్డోణ్ణి.

లైట్లు వెలగగానే వాడు నోరు తెరిచి ఇంటివైపు చూశాడు. ఆరిపోయాయి. చూడడానికి ఇంకేమీ లేదు. టింగ్. వీధి దీపం వెలుగులో వాడి తల వెనక్కి తిరిగింది, వాళ్ళమ్మ భుజం మీదుగా గేటు వైపు.

నేనే భ్రమపడ్డానేమోనని కళ్ళార్పకుండా చూశాను. మళ్ళీ వెలుగు, వాడు ముందుకి. చీకటి. టింగ్, వాడు వెనక్కి. అక్కడ మనిషి లేడు, కుక్క లేదు, కదిలే నీడ లేదు. ఆ సన్నటి గంట తప్ప వాణ్ణి అటు పిలిచేది ఏదీ లేదు. వెలుగూ మోతా ఒకేసారి వచ్చి ఉంటే వాడి కళ్ళు లైట్లకే అతుక్కుపోయేవి, మాకేమీ తెలిసేది కాదు.

మరదలి చెయ్యి నా మణికట్టు మీద పడింది. గోళ్ళు దిగాయి.

"వదినా, మీరూ చూశారా?"

"చూశానే."

"నిజంగా?"

"నా కళ్ళు ఇంకా బానే ఉన్నాయి. మాట్లాడకుండా చూడు."

ఇంతలో తమ్ముడు, "దొరికింది! ఎంత తేడా ఉందో ఇక్కడ సర్దొచ్చు. ఒక్క నిమిషం, రెండూ కలిపేస్తా," అన్నాడు.

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను!" అని అరిచాను. "కలపకు. ఇంకా ఎడం పెంచు!"

అక్కకి పిచ్చెక్కిందా అన్నట్టు చూశాడు. అయినా పెంచాడు. ఇప్పుడు లైట్లు ఆరాక ఒక గుక్క నీళ్ళు తాగేంత చీకటి. ఆ చీకట్లో బుడ్డోడికి విసుగొచ్చి వాళ్ళమ్మ చొక్కా గుండీ పట్టుకు లాగుతున్నాడు. టింగ్. గుండీ వదిలేసి వెనక్కి తిరిగాడు.

ఈసారి తమ్ముడు కూడా చూశాడు. లాప్‌టాప్ మెట్టు మీద వదిలేసి వచ్చి మరదలి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "వింటున్నాడే. మనవాడు వింటున్నాడే," అంటాడు, ఇంకో మాట రాదు. మరదలు ఏడుస్తోందో నవ్వుతోందో దానికే తెలియదు. నా గుండె మీంచి బండ దింపినట్టయింది. వారం తర్వాత డాక్టరమ్మా అదే చెప్పింది: జలుబుకి చెవుల్లో నీరు చేరిందట, తగ్గుతోందట, వినికిడికి ఢోకా లేదట. మాకు మాత్రం ఆ సాయంత్రమే ప్రాణం లేచొచ్చింది.

గేటు బయట ఎదురింటి కళ్ళద్దాల షాపాయన ఆగాడు. కాసేపు చూసి, మొహమాటపడుతూ, "ఏమీ అనుకోకండి, మీ లైట్లకీ పాటకీ పొంతన కుదరట్లేదండీ," అన్నాడు.

తమ్ముడు కళ్ళయినా తుడుచుకోకుండా లేచి నిలబడ్డాడు. "కుదరదండీ! ఈ ఏడాదికి ఇంతే! ఇలాగే ఉంచేస్తాం!" అని వీధంతా దద్దరిల్లేలా అరిచాడు.

ఆ అరుపుకి బుడ్డోడు ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడుపు లంకించుకున్నాడు. వాడు ఏడుస్తుంటే ఊరుకోబెట్టాలని కూడా తోచక, మేం ముగ్గురం పడీపడీ నవ్వాం.