ఆనుకునే కుర్చీ

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టేవాళ్ళందరూ కూర్చునేది స్టూళ్ళ మీదే. వీపు ఆనుకునే కుర్చీ ఒక్కటే ఉంది. ఏ పుణ్యాత్ముడు ఆఫీసులోంచి బయట పారేశాడో గానీ, అది లైను చివర మూలకి చేరింది. ఎవరు కడుపుతో ఉంటే వాళ్ళ మిషను దగ్గరికి అది వచ్చేస్తుంది. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. పొద్దున వచ్చేసరికి స్టూలు పోయి కుర్చీ ఉంటుంది, అంతే. ఈ ఏర్పాటంతా పెద్దక్కది. కాజాలు కుట్టీ కుట్టీ ఆవిడ జుట్టు మిషను ముందే నెరిసింది.

కాలర్లు కుట్టే పిల్ల నెల తప్పిందని మొదట పసిగట్టింది కూడా పెద్దక్కే. ఎవరికీ చెప్పొద్దని పిల్ల బతిమాలింది. నెలాఖరుకి పర్మనెంటు చేస్తామన్నారు. అదయ్యాక చెబితే జీతంతో సెలవొస్తుంది, బిడ్డ పుట్టాక మళ్ళీ ఇదే మిషను దగ్గరికి రావచ్చు. ముందే తెలిసిందా, ఏదో ఒక వంక పెట్టి పంపేస్తారు. మొగుడికి పని ఈరోజు ఉంటే రేపుండదు, ఇల్లు ఆమె మీదే నడుస్తోంది. పెద్దక్క మాటిచ్చింది, నిలబెట్టుకుంది కూడా. సంగతి ఆమె పెదవి దాటలేదు. చెయ్యే ఊరుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల నడుం పట్టుకుని గోడకి చేరగిలబడటం చూసి పెద్దక్క ప్రాణం ఉసూరుమంది. మర్నాడు పొద్దున్నే అలవాటుగా కుర్చీ తెచ్చి వేసేసింది. ఏళ్ళ తరబడి చేస్తున్న పని, ఆలోచించాలని కూడా తోచలేదు. పిల్ల వచ్చి, కుర్చీ చూసి కొయ్యబారిపోయింది. దాన్ని పక్కకి లాగేలోపే సూపర్‌వైజరమ్మ రానే వచ్చింది.

ఈ మహాతల్లి ఒకప్పుడు ఇదే లైనులో జేబులు కుట్టింది. ఇద్దరు బిడ్డల్ని మోసినప్పుడూ ఈ కుర్చీలోనే కూర్చుంది. అదెవరి దగ్గరుంటే ఏమిటర్థమో ఆమెకి వేరే చెప్పక్కర్లేదు. పిల్లని ఎగాదిగా చూసి, తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళింది.

సాయంత్రానికల్లా పిల్లకి, పని బాగాలేదు, రేపట్నుంచి రావద్దన్న కబురొచ్చింది. నిన్నటిదాకా కొత్తవాళ్ళకి నమూనాగా చూపించిన కాలర్లు ఒక్క పూటలో వంకర పోయాయట. పెద్దక్క ఆ పిల్లని వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళింది. కడుపుతో ఉందని ఉద్యోగం తీసేయడం చట్టం ఒప్పుకోదని మొహం మీదే చెప్పింది. మేనేజరుకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

“కడుపుతో ఉన్నానని మాకెప్పుడైనా చెప్పావామ్మా?” అని పిల్లని మెత్తగా అడిగాడు.

పిల్ల పెద్దక్క వైపు చూసింది.

“మరి తెలియని సంగతికి మేమెలా తీసేస్తాం?”

“కుర్చీ చూసి తెలుసుకున్నారు. ఈవిడే వచ్చి మీకు చెప్పింది,” అంది పెద్దక్క, అక్కడే ఉన్న సూపర్‌వైజరమ్మని చూపిస్తూ.

సూపర్‌వైజరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఏ కుర్చీ?” అంది.

పెద్దక్కకి ఒళ్ళు మండిపోయింది. ఈవిడ రెండో కాన్పప్పుడు ఆ కుర్చీకి దిండు కుట్టిపెట్టింది పెద్దక్కే. ఆ దిండు ఇప్పటికీ ఉంది. కానీ ఆ మాటలు వినే నాథుడెవడూ ఆ గదిలో లేడు.

గేటు దగ్గర పెద్దక్క పిల్ల చెయ్యి పట్టుకోబోయింది. పిల్ల విడిపించుకుంది.

“ఆ కుర్చీ నేనడిగానా అక్కా?” అని వెళ్ళిపోయింది.

 

కొన్నాళ్ళకి బొత్తాలు కుట్టే అమ్మాయికి వేవిళ్ళు మొదలయ్యాయి. లైనంతా కళ్ళతోనే మాట్లాడుకుంది. మర్నాటి నుంచి ఆ కుర్చీలో రోజుకొకరు కూర్చోసాగారు. కాన్పులు ఎప్పుడో ముగిసినవాళ్ళు, పెళ్ళి కానివాళ్ళు, అందరూను. మొదటిరోజు పెద్దక్కే కూర్చుంది. సూపర్‌వైజరమ్మ ఆ నెరిసిన తలకేసీ కుర్చీకేసీ మార్చి మార్చి చూసి, ఏమనాలో తోచక ముందుకి సాగిపోయింది. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

వంతులన్నీ పెద్దక్కే వేసింది. బొత్తాల అమ్మాయికి మాత్రం వంతు లేదు, ఆమె మీద పొరపాటున కూడా అనుమానం రాకూడదు. నడుం నొప్పి మొహంలో కనపడనీయకుండా ఆ అమ్మాయి స్టూలు మీద నిటారుగా కూర్చుని బొత్తాలు కుడుతోంది. తన వంతు రోజున పెద్దక్క దిండుకి ఆనుకుని, అటు చూడకుండా కాజాలు కుట్టుకుంటూ పోయింది.