మడమలు పట్టే కుక్క

అబిడ్స్‌లో బట్టల కొట్టున్న విజయేందర్ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఇంటిల్లిపాదీ వద్దన్నా బోర్డర్ కాలీ జాతి కుక్కను కొనుక్కొచ్చి నాంపల్లి ఇంట్లో పెట్టాడు. ఏడాదైంది. ఇంట్లోవాళ్లు గుమ్మం దాటితే చాలు, వెంటపడి మడమ పట్టుకుంటోంది. నెత్తురు రాదు గానీ గుండె గుభేలుమంటుంది. ఆ ఆదివారం పొద్దున భార్య వైశాలి తేల్చి చెప్పేసింది.

"గీ కుక్కను ఇయ్యాల్నే ఎవరికన్న ఇచ్చెయ్యండి. లేకుంటే నేనే మా అమ్మగారింటికి పోత."

"అది కరుస్తలేదే. ఇంగ్లండు, స్కాట్లండు నడుమ కొండలల్ల ఎన్నో ఏండ్లు గొర్లు కాసిన జాతి. మందల నుంచి ఒక్కటి పక్కకు పోతే కండ్లతోనే ఆపుతది. ఆగకుంటే మడమ పట్టుకుంటది. మనమే దాని మంద. బయటోళ్ల జోలికి పోతదా? చూపిస్త, గల్లీలకు రాండ్రి."

ఒక్కొక్కరే మొజంజాహీ మార్కెట్ వైపు మలుపు దాకా నడవాలని పరీక్ష పెట్టాడు. వైశాలి పదడుగులు వేసిందో లేదో, కుక్క పొట్ట నేలకానించి, రెప్ప వేయకుండా చూస్తూ ఆమెకు అడ్డొచ్చింది. ఆమె వెనక్కి తిరగక తప్పలేదు. కూతురు మనస్విని పరుగెత్తితే మడమ దొరికిపోయింది. నడుమునొప్పితో నడిచే విజయేందర్ తల్లి శశికళను మాత్రం నెమ్మదిగా మళ్లించింది. ఇంట్లో పనిచేసే జంగమ్మనూ వదల్లేదు. పాలు పోసే కిషన్ పక్కనుంచే పోతే తల కూడా తిప్పలేదు.

"చూసిన్రా?" విజయేందర్ మీసం మీద చెయ్యేశాడు. "ఇగ నేను పోత."

పోయాడు. పదడుగులు, ఇరవై, అరవై. వెనక గోళ్ల చప్పుడు లేదు. తిరిగి చూశాడు. నలుగురినీ గుమ్మం దగ్గర చేర్చిన కుక్క, వాళ్ల కాళ్ల దగ్గరే తృప్తిగా పడుకుంది. పేరు పెట్టి పిలిచాడు. తలెత్తి అతన్ని ఒకసారి చూసి మళ్లీ దించుకుంది.

కొన్నవాడు తను. సూదులు వేయించినవాడు తను. ఆ పేరు పెట్టిందీ తనే.

"పొద్దుగాల్ల దాన్ని ఇప్పకముందే పోతరు, అందరు పండుకున్నంక వస్తరు," జంగమ్మ మెల్లగా అంది. "దానికెట్ల ఎరుక సేటు?"

వైశాలి నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు.

"మీరన్నది నిజమే. కుక్క ఉండనీయండి," అంది. "ఇంటోళ్లెవరో దానికి మంచిగ తెల్సు."

తన మాటే నెగ్గినందుకు విజయేందర్‌కు మొదటిసారి ఏడుపొచ్చింది.