ఓడ వెనక్కి తిరిగిన చోటు

వాసవి చెప్పిన అబద్ధం చాలా చిన్నది. ఆమె దృష్టిలో అసలు అది అబద్ధమే కాదు. కథలో ఒక ఓడను వెనక్కి తిప్పింది, అంతే. ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరి మీదా చాడీలు చెప్పలేదు. అయినా ఈమధ్య ఆ సంగతి గుర్తుకొస్తే చాలు, చేతిలో పని ఆగిపోతోంది.

ఆంధ్రా సరిహద్దును ఆనుకున్న కోంటాలో ఆమె చదివే హిందీ మీడియం సర్కారు బడికి రాయపూర్ నుంచి ఒక సంస్థ పెట్టె నిండా హిందీ నవలలు పంపింది. పదిహేను, పదహారేళ్ల పిల్లల కోసం రాసినవి. సగం మంత్రాలూ మాయా రాజ్యాలూ, సగం అంతరిక్షంలో తిరిగే ఓడలూ యంత్రాలూ. ఒక్కో పుస్తకం ఒక్కటే కాపీ. కొన్నాళ్లు ఉంచుకుని పెట్టెను దోర్నపాల్ బడికి పంపేయాలి. పదకొండో తరగతిలో ఆ పెట్టె మీద పడ్డవాళ్లు నలుగురే. కిరాణా కొట్టు కాశయ్య కూతురు వాసవి, మందుల షాపు వాళ్ల గోపీ, హాస్టళ్లలో ఉండి చదివే దోర్ల గిరిజన పిల్లలు కేసా, సుక్కి. మిగతా తరగతికి పరీక్షల గైడు తప్ప మరో పుస్తకం పుస్తకంలా కనిపించదు.

బడి వదిలాక ఆ నలుగురూ వెనక వరండాలో కూర్చుని ఒకటే వాదించుకునేవాళ్లు.

"డ్రాగన్ మీదెక్కి కోట మీదికి పోయిండు చూడు, సీన్ అంటే గది!" అనేవాడు గోపీ. వాడికి డ్రాగన్ లేని పుస్తకం ఉప్పులేని పప్పు.

"ముందుగాల అడవి సంగతి చెప్పు," కేసా అడ్డు తగిలేవాడు. "నీ వీరుడు అడవిల అన్ని దినాలు నడిచిండు. ఏం తిన్నడు? ఒక్కతాన గూడ రాయలే. చీమ కుట్టలే, జరమన్నా రాలే. గదేం అడవిరా?"

"అరే, ఫాంటసీరా అది!"

"ఫాంటసీ అయితే ఆకలి గాదా?"

డ్రాగన్ ఉందిగా అనేవాడు గోపీ మళ్లీ.

సుక్కి తక్కువ మాట్లాడేది. మాట్లాడితే మాత్రం మిగతా ముగ్గురూ నోరు మూసుకోవలసిందే. "మంత్రాల పుస్తకాలల్ల జోస్యంల పేరున్నోడే గెలుస్తడు," అందొకరోజు. "పేరు లేనోళ్లు ఏం జేయాలె? యుద్ధంల సచ్చుడేనా? నాకు ఓడ పుస్తకమే నచ్చింది. మంత్రం పుట్టుకతోని రావాలె. ఓడ నడుపుడు నేర్చుకుంటే వస్తది. నేర్పిస్తే నేను గూడ నడుపుత."

ఆ ఓడ పుస్తకాన్ని సుక్కి స్వయంగా చదవలేదు. హిందీ ఆమెకు రాదని కాదు, పరీక్ష రాసేంత వచ్చు. కానీ ఆ లావు పుస్తకంలోని హిందీ మూడు పేజీలకే తలనొప్పి తెప్పించేది. అందుకని వాసవి ఇంటి దగ్గర చదువుకొచ్చి వరండాలో తెలుగులో చెప్పేది. సుక్కి మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని ఊ కొడుతూ వినేది. వాసవి బాగా చెబుతుంది. కొట్టులో కూర్చుని వచ్చేపోయేవాళ్ల మాటలు వినీ వినీ ఆమెకు ఆ విద్య అబ్బింది.

కథేమిటంటే, బతకలేని భూమిని వదిలి పిల్లలంతా ఒక పెద్ద ఓడలో వెళ్తుంటారు. నీళ్ల కోసం దారిలో ఒక గ్రహం మీద దిగుతారు. ఇమాన్ అనే కుర్రాడు తెగిపోయిన గొట్టం బాగుచేయడానికి దూరంగా వెళ్తాడు. ధూళి తుఫాను లేస్తుంది. ఇంకాసేపు ఆగితే ఓడ లేవదు. వాణ్ణి వదిలేసి ఓడ ఎగిరిపోతుంది. అక్కడితో ఆ అధ్యాయం అయిపోతుంది, ఆ తర్వాత పుస్తకంలో వాడి ఊసే లేదు.

వాసవి అది చదివిన రోజు అన్నం సరిగా తినలేకపోయింది. సుక్కి అన్న కోస రెండేళ్ల కింద మిరపకాయలు ఏరే పనికి ఆంధ్రా వైపు వెళ్లాడు. ఏటా ఊరు ఊరంతా పోతుంది, కోతలు కాగానే తిరిగొస్తుంది. ఆ ఏడు అందరూ వచ్చారు, కోస రాలేదు. వేరే మేస్త్రి వెంట ఇంకో పొలానికి పోయాడన్నారు, అంతకుమించి ఎవరికీ తెలియదు. ఆ అన్న కోసం ఎదురుచూసే పిల్లకు ఓడ వెళ్లిపోయిందని ఏ నోటితో చెప్పడం?

అందుకే తిప్పేసింది. ఓడలోని పిల్లలంతా ఒక్కమాట మీద నిలబడ్డారనీ, సామాను పారేసి బరువు తగ్గించారనీ, పూట తిండి మానుకున్నారనీ, ఓడ వెనక్కి తిరిగిందనీ, ధూళిలో చెయ్యి ఊపుతున్న ఇమాన్ కనిపించాడనీ చెప్పింది. చెబుతున్నంతసేపూ తనకే ఒళ్లు పులకరించింది. సుక్కి ఊ కొట్టడం మర్చిపోయింది. మోకాళ్ల మీది గడ్డం ఎత్తి, "అందరు ఒప్పుకున్నరా? ఒక్కడి కోసం?" అని మాత్రం అడిగింది.

"అందరు ఒప్పుకున్నరు," అంది వాసవి.

తర్వాత పెట్టె దోర్నపాల్ వెళ్లిపోయింది. వాసవి ఊపిరి పీల్చుకుంది.

ఆ ఊపిరి ఎంతోకాలం నిలవలేదు. ఒకరోజు రాజశేఖర్ సార్ తరగతిలోకి హుషారుగా వచ్చాడు. వచ్చే శనివారం ఆన్‌లైన్‌లో సభట. అన్ని బడుల పిల్లలూ తమకు నచ్చిన పుస్తకం మీద అభిప్రాయం చెప్పాలట. "ఇంకో విశేషం. ఓడ పుస్తకం రాసిన మేడమ్ ఢిల్లీ నుంచి స్వయంగా వింటారు. ఎవరు చెప్తరు దాని మీద?"

ఎప్పుడూ చెయ్యెత్తని సుక్కి చెయ్యెత్తింది.

ఆరోజు నుంచి వాసవి పడని పాట్లు లేవు. డ్రాగన్ పుస్తకం మీద చెప్పమని సుక్కిని బతిమాలింది. "అది గోపీది," అంది సుక్కి. పోనీ కేసాతో కలిసి అడవి పుస్తకాన్ని ఏకిపారేయమంది. సుక్కి నవ్వింది. "నీకేమైంది? నేను మాట్లాడితే మంచిగుండదనా?" అనడంతో వాసవి నాలుక కరుచుకుంది. నిజం చెప్పేద్దామని హాస్టల్ గేటు దాకా వెళ్లి, సుక్కి రాసుకున్న హిందీ వ్యాసం దిద్దిపెట్టి తిరిగొచ్చింది.

ఆ వారం సంతలో సుక్కి వాళ్ల అమ్మ కనిపించింది. చింతపండు అమ్ముకుని, ఉప్పూ నూనే కొనడానికి కొట్టుకొచ్చింది. కాశయ్య తూకం వేస్తుంటే ఆమె వాసవి దగ్గరికి జరిగింది.

"ఓడ కథ నువ్వే చెప్పినవట గదా బిడ్డా. మా సుక్కి మా దోర్ల మాటల చెప్పింది. సెలవులకు వచ్చినప్పుడల్లా చెప్పించుకుంటున్న. గా పిల్లలు సల్లగుండాలె. ఒక్కడి కోసం అంత పెద్దది ఎనకకు మలిపిన్రు."

"ఔ పెద్దమ్మా," అంది వాసవి. ఇంకేమనగలదు? ఆమె సంచిలో చేతికందినన్ని బెల్లం ముక్కలు వేసింది. దానివల్ల ఏమీ ఒరగదని ఆమెకే తెలుసు.

శనివారం వచ్చేసింది. కంప్యూటర్ గదిలో లాప్‌టాప్ ముందు నలుగురినీ వరసగా కూర్చోబెట్టాడు సార్. తెర నిండా చిన్నచిన్న గళ్లలో వేరే వేరే బడుల పిల్లలు. ఒక గడిలో రచయిత్రి, తెల్లజుట్టు, కళ్లజోడు, చూడగానే మంచిదనిపించే ముఖం. ఆమె దుర్మార్గురాలైనా బాగుండేదని వాసవికి అనిపించింది.

గోపీ డ్రాగన్‌ను ఆకాశానికెత్తాడు. కేసా ఆకలి సంగతి అడిగితే గళ్లన్నీ నవ్వాయి, రచయిత్రి చప్పట్లు కొట్టింది. వాసవి ఏదో మాయాద్వీపం గురించి నాలుగు ముక్కలు చెప్పి ముగించింది. తర్వాత సుక్కి వంతు.

సుక్కి హిందీ తడబడింది గానీ ఆగలేదు. మంత్రాల కథల్లో ఎన్నుకున్నవాడొక్కడే ముఖ్యమనీ, అతని కోసం మిగతావాళ్లు చచ్చిపోతారనీ, ఈ పుస్తకంలో అలా కాదనీ చెప్పింది. "ఇందులో ఇమాన్ గొప్పవాడు కాదు. గొట్టాలు బాగుచేస్తాడు, అంతే. అయినా వాడి కోసం ఓడ వెనక్కి తిరిగింది. అందరూ అన్నం మానేశారు. సైన్సంటే ఇదేనని నాకు అర్థమైంది. లెక్క కుదరకపోయినా కుదిరేదాకా వెతకాలి. అలా రాసినందుకు మీకు దండం మేడమ్."

సుక్కి అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం వాసవి ఎప్పుడూ వినలేదు. ఎంత బాగా చెప్పిందో అనిపించి ఏడుపొచ్చింది.

రచయిత్రి మెత్తగా, "ఎంత మంచి మనసు బేటా నీది. కానీ నేనలా రాయలేదు. ఓడ వెనక్కి తిరగదు. ఇంధనం లేదు కదా. ఆ అధ్యాయం రాస్తూ నేనూ ఏడ్చాను," అంది.

"లేదు మేడమ్, తిరిగింది," అంది సుక్కి.

గళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు.

"బరువు పారేశారు మేడమ్. మీరే రాశారు. మర్చిపోయినట్టున్నారు," అని గుర్తుచేయబోయింది సుక్కి, పెద్దావిడ మీద నిజంగా జాలిపడుతూ. ఈసారి నవ్వు గట్టిగానే వినిపించింది. సభ నడిపే దీదీ కలగజేసుకుని, "వేరే పుస్తకంతో కలిపేసుకున్నావేమో సుక్కీ. పర్లేదు, ఇంకోసారి శ్రద్ధగా చదువు. ఇప్పుడు తర్వాతి బడి," అంది.

వాసవి కుర్చీ తన్నుకుని లేచింది. లాప్‌టాప్ మీదికి వంగి హిందీలో అరిచినంత పని చేసింది. "మేడమ్, ఆమె తప్పేం లేదు! నేనే మార్చి చెప్పాను! ఓడ తిరగదని నాకు ముందే తెలుసు! వాడు అక్కడే ఉండిపోయాడు, ఆమె అన్న రాలేదని నేనే..."

తెర మీద వేరే బడి అమ్మాయి నమస్కారం పెడుతోంది. రచయిత్రి ఆ అమ్మాయిని చూసి నవ్వుతోంది.

"మన మైక్ బంద్ చేసిన్రు వాసవీ," అన్నాడు రాజశేఖర్ సార్ ఇబ్బందిగా. "వాళ్లకు వినపడదు."

వినాల్సినవాళ్లు ఎవరూ వినలేదు. వినకూడని ఒక్క మనిషి పక్క కుర్చీలో కూర్చుని మొత్తం విన్నది.

సుక్కి ఏడవలేదు, తిట్టలేదు. సభ అయ్యేదాకా బుద్ధిగా కూర్చుని, బయటికొచ్చాక చెప్పులేసుకుంటూ అడిగింది. "తర్వాతనన్న? ఆఖర్లనన్న ఏమన్న రాసిందా వాని గురించి?"

"లే," అంది వాసవి.

సుక్కి తలూపి హాస్టల్‌కు వెళ్లిపోయింది.

తర్వాత కూడా సుక్కి మాటలు మానలేదు. మానేసి ఉంటే కాళ్లావేళ్లా పడి కలుపుకోవచ్చు. పలకరిస్తే పలికేది, లెక్కలడిగితే చెప్పేది. వరండాకు మాత్రం రావడం లేదు. గోపీ, కేసా డ్రాగన్ల మీద కొట్టుకుంటుంటే వాసవి ఎటో చూస్తూ కూర్చునేది. కథ చెప్పమంటే లేచి వెళ్లిపోయేది.

ఇప్పపూల కాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం కాశయ్య సరుకు కోసం భద్రాచలం వెళితే వాసవి ఒక్కతే కొట్టులో ఉంది. ఫోను మోగింది. తెలియని నంబరు.

"కోంటా కాశయ్య కొట్టేనా? జర కోస అనే పిలగాని ఇంటికి కబురు చెప్పాలె," అన్నాడు అవతలి మనిషి. వెనక ట్రాక్టరు చప్పుడు. "గుంటూరు అవుతల మిర్చి కల్లంల ఉన్నం. ట్రాక్టరు మీద నుంచి పడి కాలిరిగి మంచంల ఉన్నడు ఇన్నాళ్లు. దవాఖాన అప్పు తీరేదాంక పోనియ్యలే. ఇప్పుడు నడుస్తుండు. ఆఖరి ఏరుడు అయినంక నాతోటే తోల్కొస్త."

"ఆయనకు ఒక్కసారి ఫోనియ్యి అన్నా!" అంది వాసవి.

"ఆడు చేన్ల ఉన్నడు. ఛార్జింగ్ అయిపోతుంది, ఫోను పెట్టేస్తున్న."

వాసవి తలుపు దగ్గరకు లాగి, తాళం కూడా వేయకుండా పరుగెత్తింది. ఎండలో బజారు దాటి, ఎవరో పిలుస్తున్నా ఆగకుండా హాస్టల్ దాకా ఒకటే పరుగు. కుళాయి దగ్గర సుక్కి కంచం కడుగుతోంది. వాసవి రొప్పుతూ మొత్తం చెప్పింది. గుంటూరు, కల్లం, ట్రాక్టరు, కాలు, ఆఖరి ఏరుడు. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క వదల్లేదు. జీవితంలో ఆమె ఇంత నిక్కచ్చిగా ఏదీ చెప్పలేదు.

సుక్కి కుళాయి కట్టేసి విన్నది. మధ్యలో ఊ కొట్టలేదు.

"కాలిరిగిందా?" అంది.

"ఇరిగిందట. గిప్పుడు మంచిగనే ఉన్నదట. నడుస్తుండట!"

సుక్కి ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. పోట్లాడినా బాగుండు దేవుడా అనుకుంది వాసవి.

"కాలు సంగతి గూడ పెట్టినవు," అంది సుక్కి మెల్లగా. "మంచిగ చెప్తవు వాసవీ నువ్వు. నిజంగ అయినట్టే ఉంటది."

"అయ్యో, నిజమే సుక్కీ! ఒట్టు! మా అమ్మ మీద ఒట్టు! ఉండు, నువ్వే మాట్లాడు." వాసవి ఆ నంబరు నొక్కి ఫోను ఆమె చెవి దగ్గర పెట్టింది. ఫోను స్విచాఫ్ అయి ఉందని ఒక ఆడగొంతు హిందీలో చెప్పింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే గొంతు.

"పోనీలే," అంది సుక్కి. వాసవి చేతిని నెమ్మదిగా పక్కకు జరిపి, కడిగిన కంచం తీసుకుని లేచింది. "ఈసారి మా అమ్మకు చెప్పనులే."