మధ్యాహ్నం దించిన షట్టర్

మాచర్లలో పురుగుమందుల కొట్టు నడిపే ధనుంజయరావు రోజూ మధ్యాహ్నం రెండింటికి షట్టర్ దించి ఎటో వెళ్తున్నాడని భార్య రత్నకుమారికి తెలిసింది. అడిగితే, "కంపెనీవాళ్లని కలవాల" అన్నాడు. వాళ్లని కలిసి వచ్చిన మనిషి ఇంటికి రాగానే అంతసేపు చేతులు కడుక్కోవడం దేనికి? ఫోన్ కూడా ఎత్తడం లేదు. ఆమెకి అన్నం సహించలేదు.

ఒకరోజు ఆటో ఎక్కి అతని బండి వెనకే వెళ్లింది. బండి దుర్గిలో ఒక శిల్పి షెడ్డు ముందు ఆగింది. లోపల, యాభై దాటిన తన మొగుడు నేలమీద చతికిలబడి ఉలితో రాయి చెక్కుతున్నాడు.

"ఏందండీ ఇది?"

అతను ఉలిక్కిపడ్డాడు. "నంది. ఈ పని నేర్చుకోవాలని చిన్నప్పట్నుంచీ చానా కోరిక. ఎనిమిది నెలల్నుంచి రోజూ గంటసేపు వస్తున్నా. ఇంకా ఒక్క చెవే అయింది."

"నాకెందుకు చెప్పలా?"

"చెబితే నవ్వుతావు. నువ్వు నవ్వితే మానేస్తానేమోనని నా మీద నాకే అనుమానం."

రత్నకుమారి నవ్వలేదు. రాయిని తడిమి చూసింది. కాస్త వంకరగా ఉన్నా అది చెవే.

"రేపట్నుంచి ఆ టైములో కొట్లో నేను కూర్చుంటా," అంది. "కానీ ఏ రోజు చెక్కింది ఆ రోజే ఫోటో తీసి పంపండి. మీరు మానేస్తారని నాకూ అనుమానంగానే ఉంది."