నేను పూడ్చిన గండి

మూడు నెలల పని ఆ రోజుతో అయిపోతుంది. పొద్దున్నే రబ్బరు బూట్లు కడిగి గుమ్మం దగ్గర బోర్లించాను. కొలకర్ర, చేతితొడుగులు, నంబరు వేసిన టోపీ స్టోరు గదిలో అప్పజెప్పి సంతకం పెట్టాను. ఒక్కటే మిగిలింది. అది అప్పజెప్పడానికి ఇరవై మూడు రోజులుగా నాకు నోరు రాలేదు.

నన్ను ఈ దేశానికి రప్పించింది మా బావమరిది. ఇక్కడి చిత్తడి నేలను కాపాడే సంస్థలో సూపర్‌వైజరు. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆమె పోయి నాలుగేళ్ళు.

"గోడలు చూస్తూ కూర్చుని ఏం చేస్తావు బావా? జీతం లేని పని, మట్టి పని. నీకు కొత్తా?" అన్నాడు ఫోనులో.

భాష రాదన్నాను.

"పిట్టలకీ రాదు" అన్నాడు. వచ్చాను.

ఇక్కడ నీళ్ళ మధ్య బురదదిబ్బలు ఉంటాయి. పొడుగుకాళ్ళ పిట్టలు వాటి మీద, నేలమీదే, గుడ్లు పెడతాయి. పిచ్చిమొక్కలు పీకడం, గూళ్ళు లెక్కపెట్టడం మా పని. గట్లు, తూములు మాత్రం ముట్టుకోకూడదు. మొదటిరోజే చెప్పారు. బావమరిది తెలుగులో మళ్ళీ చెప్పాడు. నేను విన్నాను. నా చెయ్యి వినలేదు.

తొమ్మిదో వారంలో ఒక సాయంత్రం పార భుజాన వేసుకుని ఒక్కణ్ణే గట్టు మీద వస్తున్నాను. రెల్లు చాటున మూరెడు గండి. నీళ్ళు బుడబుడమని బయటి కాలవలోకి పోతున్నాయి. నలభై ఏళ్ళు పొలానికి నీళ్ళు కట్టినవాణ్ణి. పక్కవాడి గట్టయినా సరే, గండి చూసి దాటిపోయినవాణ్ణి మా ఊళ్ళో మనిషిగా లెక్కెయ్యరు. నాలుగు గడ్డి పెళ్ళలు కోశాను. గడ్డి కిందికి, వేళ్ళు పైకి వచ్చేలా బోర్లించి మడమతో తొక్కాను. పది నిమిషాల పని. చుక్క కారలేదు. గదికి వచ్చి అన్నం తిని పడుకున్నాను. ఆ సంగతే మరిచిపోయాను.

తర్వాత మూడురోజులు వాన. నీళ్ళు జానెడు పెరిగాయి. దిబ్బ మీద పదకొండు గూళ్ళని నేనే రాశాను. పదకొండూ మునిగాయి. ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నాను. రాయిలా చల్లగా ఉంది.

అప్పుడు చెప్పాడు బావమరిది. వానలొస్తే దిబ్బ మునక్కుండా ఆ గండిని కావాలనే కొట్టారట. కొట్టినవాడు ఇక్కడి లస్కరు. తూముల మనిషిని మా కాలవల మీద అలాగే పిలుస్తారు, నేనూ అలాగే అంటున్నాను. గండి కొట్టినా పూడ్చినా తేదీ వేసి పుస్తకంలో రాయాల్సింది అతనే. పూడ్చినట్టు రాత లేదు. అతనే పూడ్చి రాయలేదన్నారు. తాను పూడ్చలేదన్నాడు అతను. గడ్డిని బోర్లించి వెయ్యడం మా పద్ధతి కాదని కూడా అన్నాడట. పద్ధతి ఎవడిక్కావాలి? తూముల తాళాలు లాక్కున్నారు. పందొమ్మిదేళ్ళ ఉద్యోగం ఉంచాలో తీసెయ్యాలో నేను వెళ్ళిపోయే రోజు మధ్యాహ్నమే తేలుస్తారు.

ఆ చివరిరోజు టిఫిను దగ్గర బావమరిదికి చెప్పాను. "ఆ గండి నేను పూడ్చాను."

చెంచా కింద పెట్టాడు. "ఎవరితో అన్నావు?"

"నీతో."

"అయితే ఇక్కడితో ఆపు. సాయంత్రం విమానం ఎక్కుతావు. నిన్ను తెచ్చింది నేను. నా మెడకు చుట్టుకుంటుంది."

"అతని మెడకు చుట్టుకుంది కదా."

"అతను యూనియన్ మనిషి. ఏదో ఒకటి చూసుకుంటాడు. నువ్వేం హరిశ్చంద్రుడివా బావా? ఇన్నాళ్ళూ మూసుకున్న నోరు ఇవాళ కూడా మూసుకో."

ఆ మాట నిజం. మూసుకున్నాను.

"మీ అక్క పోయిన రోజు ఆసుపత్రి వరండాలో ఏమని అరిచావు?" అన్నాను.

నాకు గుర్తుంది. ఆ తప్పు ఇంజెక్షన్ ఎవరిచ్చారో చెప్పండి, ఒక్కరు నేనని చెప్పండి, ఏమీ చెయ్యం, చెప్పండి చాలు అని అరిచాడు. నర్సు డాక్టరును చూపించింది. డాక్టరు డ్యూటీ మారిందన్నాడు. ఇప్పటికీ ఎవరో తెలియదు. ఆ తెలియనివాణ్ణి నేను క్షమించలేదు, క్షమించను.

"అదీ ఇదీ ఒకటేనా? అవి గుడ్లు" అన్నాడు.

"లస్కరు గుడ్డు కాదు."

పదకొండింటికి ఆఫీసు గదిలో నాకూ, నాతోపాటు జీతం లేకుండా పనిచేసినవాళ్ళకూ వీడ్కోలు. టీ, బిస్కట్లు, సర్టిఫికెట్లు. మేనేజరమ్మ ఒక్కొక్కరినీ నాలుగు మాటలు మాట్లాడమంది. లస్కరు గోడవార నిలబడ్డాడు. టీ తాగడం లేదు. నా వంతు వచ్చింది. తెలుగులో చెప్పాను. "గండి పూడ్చింది నేను. లస్కరు కాదు. గూళ్ళు మునిగింది నావల్ల."

బావమరిది వాళ్ళ భాషలో చెప్పాడు. అందరూ నవ్వుమొహాలు పెట్టి చప్పట్లు కొట్టారు.

గుడ్లు చచ్చాయంటే చప్పట్లు కొట్టే మనుషులు ఏ దేశంలోనూ ఉండరు. "ఏం చెప్పావురా?" అన్నాను.

"పిట్టలను మర్చిపోనన్నావని చెప్పాను" అన్నాడు, నా వైపు చూడకుండా.

సర్టిఫికెట్ బల్లమీదే వదిలేశాను. స్టోరులో పార తీసుకున్నాను. లస్కరు దగ్గరికి వెళ్ళి, రమ్మని చెయ్యి ఊపాను. మేనేజరమ్మకూ ఊపాను. ముసలాడికి మతి పోయిందనుకున్నారేమో, టీ కప్పులతోనే వెంట వచ్చారు.

గట్టు మీద ఆ గండిని గూళ్ళు మునిగాక మళ్ళీ కొట్టారు, నీళ్ళు పోతున్నాయి. నాలుగు పెళ్ళలు కోశాను. గడ్డి కిందికి, వేళ్ళు పైకి. మడమతో తొక్కాను. నీళ్ళు ఆగాయి. పార గుచ్చి, వేలితో నా రొమ్ము చూపించుకున్నాను.

లస్కరు మోకాళ్ళ మీద కూర్చుని ఆ పెళ్ళల్ని తడిమాడు. తర్వాత లేచి గట్టిగా ఏదో అన్నాడు. మేనేజరమ్మ ఫోను తీసి, గూళ్ళు మునిగిన రోజు పూడ్చిన గండికి తీసిన ఫొటో చూసింది. నా పెళ్ళలు చూసింది. మళ్ళీ ఫొటో చూసింది. కప్పు ఎవరికో ఇచ్చేసి నన్ను ఏదో అడిగింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటోంది" అన్నాడు బావమరిది. ఈసారి సరిగ్గానే చెప్పాడు. ఇక దాచడానికేముంది?

ఎవరూ నన్ను అడగలేదు అనబోయాను. ఆసుపత్రిలో ఆ డాక్టరు కూడా అలాంటి సాకే చెప్పాడు.

"భయమేసిందని చెప్పు. నిన్ను కూడా ఇందులో కలపొద్దని చెప్పు, నీకు ఇవాళే తెలిసిందని" అన్నాను.

ఎంత చెప్పాడో తెలియదు. మేనేజరమ్మ నడుముకున్న గుత్తి తీసి లస్కరు చేతిలో పెట్టింది. అతను తాళాలు ఒక్కొక్కటే సరిచూసుకుని జేబులో వేసుకున్నాడు. అప్పుడు నా వైపు తిరిగి చాలాసేపు మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"ఏమంటున్నాడు?"

"వద్దులే బావా."

"చెప్పు."

"ఇరవై మూడు రోజులు మా ఆవిడ కూడా నన్ను నమ్మలేదు అంటున్నాడు. రోజూ నీకు గుడ్ మార్నింగ్ చెప్పానట. నువ్వూ చెప్పావట."

చెప్పాను. చెయ్యి చాచాను. అతను దాన్ని చూశాడు, పట్టుకోలేదు. అతని స్థానంలో నేనున్నా పట్టుకోను.

నేను గుచ్చిన పార పీకి, నా పెళ్ళలు నాలుగూ తవ్వి తీశాడు. నీళ్ళు మళ్ళీ పారాయి. పెళ్ళల్ని గట్టు మీద వరసగా పేర్చాడు, గడ్డి పైకి. పార భుజాన వేసుకుని మొదటి తూము వైపు వెళ్ళిపోయాడు.

నేను గదికి వెళ్ళి పెట్టె మూశాను.